బేనీషా మామిడి కోసం చిత్తూరు వైపు రెండు రోజులు

మే చివర్లో ఇంట్లో నలుగురం తిరుపతి నుంచి చిత్తూరు వైపు వెళ్లొచ్చాం. ఈసారి దర్శనాలకని కాదు, ఒక పాత మామిడితోట చూడాలని, ఆ తోట కాయే కొనుక్కోవాలని.

దారిలో ముందు దామలచెరువు మండీ చూశాం. కుప్పలు కుప్పలుగా కాయ, లారీలు, వేలం కేకలు, ఒక్కసారైనా చూడాల్సిందే. కానీ ఇంటికి కొనాలంటే నాకు మనసొప్పలేదు. పది తోటల కాయ ఒకే కుప్పలో పడుతుంది, ఒకటి తేనెలా ఉంటే పక్కది చప్పగా ఉంటుంది, ఏది ఎప్పుడు కోశారో ఎవరూ చెప్పలేరు.

మేం వెళ్లిన తోట బంగారుపాళ్యం దగ్గర, నాలుగు తరాలుగా ఒకే కుటుంబానిది. తాత నాటిన బేనీషా చెట్లు, అదే బంగినపల్లి, ఇద్దరం చేతులు కలిపినా మాను చుట్టూ అందలేదు. పెద్దాయన చిక్కంతో కాయ దించి, తొడిమ నాలుగు వేళ్ల పొడవు ఉంచి కత్తిరించారు. ఎందుకని అడిగితే ఇంకో కాయకి తొడిమ మొదలంటా తుంచి చూపించారు. సొన సర్రున కారి తొక్క మీద గీతలా దిగింది. "ఈ గీత నల్లగా మాడిపోతుంది నాయనా, కాయ అక్కడి నుంచే కుళ్లుతుంది" అన్నారు. తర్వాత బకెట్ నీళ్లలో రెండు కాయలు వేశారు, ఒకటి మునిగింది, ఒకటి తేలింది. మునిగిందే ముదిరిన కాయ. తేలే దశలో ఉంటే కోయరు, ముదిరిన కాయనే కోసి వరిగడ్డిలో మాగేస్తారు, కార్బైడ్ ఆ గడప తొక్కదు.

మధ్యాహ్నం వాళ్లే రాగిసంగటి, ఊరిబిండి పెట్టారు. అప్పుడే తోతాపురి మాట వచ్చింది. సగం తోట అదే, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ. 2025లో ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 అని నిర్ణయించారు కదా, ఆ ఏడాది గురించి చెబుతూ పెద్దాయన కాసేపు ఆగిపోయారు. "కోత కూలి, బండి బాడుగ పోతే ఏం మిగులుతుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

బస విషయం. మొదటి రాత్రి చిత్తూరులో బస్టాండుకు దగ్గరని ఒక లాడ్జిలో దిగాం. ఏసీ చల్లబడలేదు, రాత్రి పదికి నీళ్లు ఆగిపోయాయి, మూడుసార్లు అడిగినా పైకి ఒక్కరూ రాలేదు, పిల్లలతో చాలా టెన్షన్ పడ్డాం. రెండో రాత్రి కాణిపాకం వెళ్లిపోయాం. గది మామూలుదే, కానీ శుభ్రంగా ఉంది, నీళ్లు వచ్చాయి, పొద్దున్నే వరసిద్ధి వినాయకుడి దర్శనమూ అయింది. పిల్లలుంటే నేనైతే నేరుగా అక్కడికే వెళ్లమంటాను.

తోటలో కిలో వంద ఇచ్చాం, మండీలో కన్నా బాగా ఎక్కువే. ఆరో రోజు గడ్డి తీస్తే ఇల్లంతా వాసన. ఇరవై కాయల్లో ఒక్కటి కూడా పుల్లగా లేదు, పీచు లేదు, టెంక దగ్గర దాకా అదే తీపి. వెళ్లాలనుకుంటే ముందు రోజు ఫోన్ చేసి, పొద్దున ఏడుకల్లా తోటలో ఉండండి, ఎండెక్కితే వాళ్లు కోత ఆపేస్తారు.