రెండు పూటలా స్నానం చేసేవారి పొడి చర్మానికి యూరియా క్రీము: దీర్ఘకాల వాడకం తరువాత సమీక్ష

అమలాపురం దగ్గర ఉంటూ, తెల్లవారుజామున కాలువ గట్టు మీద పరుగు, సాయంత్రం షటిల్ ఆట, సెలవు రోజుల్లో ఓడలరేవు దాకా సైకిలు ప్రయాణం అలవాటుగా ఉన్న నేను, 10 శాతం యూరియా ఉన్న క్రీమును కొన్ని సంవత్సరాలుగా అన్ని కాలాల్లోనూ వాడుతున్నాను. ఒళ్లు అలిసేలా ఆడి, రోజుకు రెండుసార్లు స్నానం చేయక తప్పని వారి పొడి చర్మానికి రుద్దుడు కంటే ఈ క్రీమే ఎక్కువ మేలు చేస్తుందన్నది నా నిశ్చితాభిప్రాయం. దీనితోపాటు సున్నిపిండి, బీరకాయ పీచు, కొబ్బరి నూనె, పెట్రోలియం జెల్లీ కూడా వాడాను కనుక, ఏది ఎక్కడ పనికివచ్చిందో, ఏది ఎక్కడ ఇబ్బంది పెట్టిందో వివరంగా రాస్తున్నాను.

గాలిలో ఇంత తేమ ఉండే డెల్టాలో చర్మం పొడిబారడమేమిటని చాలామంది అడుగుతారు. చర్మపు పైపొరలో నీటిని పట్టి ఉంచేవి అక్కడ సహజంగా ఉండే అమైనో ఆమ్లాలు, లాక్టేట్, యూరియా వంటి పదార్థాలు. ఇవన్నీ నీటిలో కరిగేవే కాబట్టి స్నానం చేసిన ప్రతిసారీ కొంత కొట్టుకుపోతాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సుమారు 5 అయితే, మామూలు సబ్బుది 9 నుంచి 10 వరకు ఉంటుంది. అందుచేత చెమట వదిలించుకోవాలని రెండు పూటలా ఒళ్లంతా సబ్బు రుద్దుకునేవారి చర్మం కోలుకునే వ్యవధి లేక బిగుసుకుపోతుంది. దీనికి తోడు వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీటి మీద ఆధారపడే ఊళ్లలో, ముఖ్యంగా సముద్రానికి దగ్గరగా ఉన్నచోట, నీటిలో లవణాలు ఎక్కువగా ఉంటాయి. కఠినమైన నీటిలోని కాల్షియం సబ్బుతో కలిసి, ఎంత కడిగినా వదలని తెట్టులా ఒంటికి అంటుకుంటుంది. మే నెలలో వీచే పడమటి గాలి, ధనుర్మాసంలో పొగలు కక్కే వేణ్ణీళ్లు మిగిలిన పని పూర్తి చేస్తాయి. మోకాలి కింద గోటితో గీస్తే సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత పడటం, చెమట పట్టగానే ఆ భాగమంతా చురచురలాడటం ఇందుకు గుర్తులు.

యూరియాను పొలంలో చల్లే ఎరువుగానే ఎరిగిన మన ప్రాంతంలో దానిని ఒంటికి రాసుకోవాలంటే సంకోచం కలగడం సహజమే. అయితే క్రీములో వాడేది ఔషధాల కోసం శుద్ధి చేసిన యూరియా. ఎరువు బస్తాలోది ఒంటికి రాయకూడదు. 10 శాతం వరకు ఉన్నప్పుడు ఇది ప్రధానంగా తేమను పట్టి ఉంచుతుంది. 20 శాతం దాటినకొద్దీ గట్టిపడిన చర్మాన్ని మెత్తబరచి, పొలుసులను వదిలించే గుణం ఎక్కువవుతుంది. స్నానంలో కోల్పోయిన పదార్థాన్నే తిరిగి అందించి, నిర్జీవ కణాలు తమంతట తాము రాలిపోయేలా చేయడమే దీనిలోని గొప్పతనం. నేను స్నానం ముగిశాక తువ్వాలుతో రుద్దకుండా అద్దుకొని, ఒంటి మీద ఇంకా చెమ్మ ఉండగానే, రెండు మూడు నిమిషాలలోపు రాస్తాను. పూర్తిగా ఆరిన ఒంటికి రాస్తే అదే క్రీము సగం ఫలితం కూడా ఇవ్వదు. పిక్కల మీది పొలుసులు తొలి వారంలోనే తగ్గాయి. మోచేతులు, మోకాళ్లు మెత్తబడటానికి మాత్రం నెల దాకా పట్టింది. చర్మ కణాలు లోపల పుట్టి పైకి వచ్చి రాలడానికి సుమారు 4 వారాలు పడుతుంది కాబట్టి అంతకంటే తొందరగా ఆశించడం కూడా న్యాయం కాదు.

లోపాలూ ఉన్నాయి. పగిలిన చోట, గీసుకుపోయిన చోట, అప్పుడే షేవ్ చేసుకున్న చోట ఇది మంట పుట్టిస్తుంది. పరుగుకు ముందు రాసుకుంటే చెమటతో కలిసి జిడ్డుగా జారుతుంది, దుమ్ము అంటుకుంటుంది. కాబట్టి వ్యాయామానికి ముందు దీనిని వాడవద్దని గట్టిగా చెబుతాను. వానాకాలంలో కాలి వేళ్ల సందుల్లో రాయకూడదు. అక్కడ చర్మం అప్పటికే నాని ఉంటుంది, ఇంకా తేమ చేరితే శిలీంధ్రాలకు అవకాశమిచ్చినట్టే. భుజాల వెనుక గరుకుగా ఉండే చిన్న చిన్న పొక్కులకు లాక్టిక్ ఆమ్లం ఉన్న లోషన్ దీనికంటే బాగా పనిచేసింది. కానీ ఆ ఆమ్లం చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తుంది కనుక రాత్రిపూట మాత్రమే రాసి, పగలు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ పూసుకోవాలి.

ఇక సున్నిపిండి గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే భోగినాడు నలుగు పెట్టించుకొని పెరిగిన మనకు దానిపై మమకారం ఎక్కువ. మా అమ్మమ్మ పద్ధతిలో ముందు నువ్వుల నూనె పట్టించి, అది ఒంటికి ఇంకాక పిండితో నలిచేవారు. ఈ క్రమంలో గొప్ప తెలివి ఉంది: పిండి అదనపు జిడ్డును, నూనెతో మెత్తబడిన మురికిని పీల్చుకుంటుంది కానీ సబ్బులా చర్మంలోని కొవ్వును పూర్తిగా కడిగివేయదు. నూనె లేకుండా పొడి పిండిని నేరుగా రుద్దుకుంటే మాత్రం దురద పెరుగుతుంది. పిండిని మరలో బరకగా ఆడించకుండా, మెత్తగా ఆడించి పలచటి గుడ్డలో జల్లించుకోవాలి. అరచేతిలో వేసి వేలితో నలిపితే రవ్వ తగలకూడదు. బజారులో దొరికే కొన్ని పిండ్లలో, ఇళ్లలో పట్టించుకునే వాటిలో కూడా, బావంచాలు అనే గింజలు కలుపుతారు. వాటిలోని సోరాలెన్ అనే పదార్థం చర్మాన్ని ఎండకు అతిగా స్పందించేలా చేసి, నలుపును, బొబ్బలను కూడా తెప్పించగలదు. సైకిలు తొక్కేవారు, ఆరుబయట ఆడేవారు బావంచాలు లేని పిండినే పట్టించుకోవాలని నా మనవి. పెసలు, బియ్యం, కొద్దిగా కస్తూరి పసుపు, వట్టివేళ్లు చాలు. వారానికి ఒకసారి, ఆటకు వెళ్లని రోజున నలుగు పెట్టుకొని, తరువాత క్రీము రాసుకుంటే రెండూ ఒకదానికొకటి తోడవుతాయి.

బీరకాయ పీచు వీపు వరకు సరే. తేమ ఆరని మన స్నానాల గదుల్లో అది త్వరగా పాచిపట్టి సూక్ష్మజీవులకు నెలవవుతుంది. వాడిన వెంటనే ఎండలో ఆరవేసి, తరచూ మార్చాలి. పొలుసులున్న పిక్కల మీద దానితో గట్టిగా రుద్దడం వల్ల ఆ పూటకు నునుపు వచ్చినట్టనిపించినా మర్నాటికి ఎర్రదనం, దురద మిగులుతాయి.

కోనసీమలో కొబ్బరి నూనెకు కొదవలేదు, చేతులకూ కాళ్లకూ అది మంచిదే. అయితే నూనె నీటిని తెచ్చిపెట్టదు, ఉన్నదానిని ఆవిరి కాకుండా ఆపుతుంది. కాబట్టి క్రీము మీద పలుచగా రాయాలి. చెమట పట్టే వీపు, ఛాతీ మీద రాస్తే పొక్కులు లేచాయి. పెట్రోలియం జెల్లీ పరుగుకు ముందు తొడల లోపలి వైపున, ఒరుసుకునే చోట రాయడానికి సాటిలేనిది.

మడమల విషయంలో నూతి పళ్లెం మీద గరుకు రాయికి పాదాలు రుద్దుకునే అలవాటు మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. అది పై పొరను అరగదీస్తుంది కానీ పగులును మాన్పదు, రాపిడి ఎక్కువైన కొద్దీ చర్మం మరింత గట్టిపడుతుంది. దానికి బదులు గోరువెచ్చని నీటిలో పాదాలు కాసేపు నానబెట్టి, 20 లేదా 25 శాతం యూరియా ఉన్న క్రీము రాసి, నూలు మేజోళ్లు తొడుక్కొని పడుకోవడం వల్ల నా మడమల పగుళ్లు పూడాయి. మధుమేహం ఉన్నవారు, రక్తం కారేంత లోతైన పగుళ్లు ఉన్నవారు మాత్రం వైద్యుడికి చూపించకుండా రాయి గానీ, ఎక్కువ శాతం యూరియా గానీ ముట్టుకోకూడదు.

కొనేటప్పుడు డబ్బా ముందువైపు రాసిన మాటలు కాక, వెనుక యూరియా శాతం, తయారీ తేదీ చూసి, సువాసన కలపని దానినే ఎంచుకోండి. సబ్బును చంకలకు, గజ్జలకు, పాదాలకు పరిమితం చేసి, మిగతా ఒంటికి ఒట్టి నీళ్లే పోసుకుంటే క్రీము తక్కువ ఖర్చవుతుంది. ఇప్పుడు నా క్రీము గొట్టం మునుపటికంటే చాలా ఎక్కువ రోజులు వస్తోంది.