విజయనగరంలో పాపకి ఫెల్ట్ క్లిప్పులు చేయించాను, ఎలా ఉన్నాయంటే

మా పాపకి సింహాచలంలో పుట్టెంట్రుకలు తీయించాక మళ్లీ జుట్టు ఎదగడానికి బాగా టైం పట్టింది, ఎదిగిందైనా పట్టుదారంలా మెత్తగా ఉంటుంది, దానికి తోడు మా అత్తయ్యగారు రోజూ కొబ్బరినూనె రాయందే ఊరుకోరు, ఇంక ఏ క్లిప్ పెట్టినా అరగంటలో మెడ మీదకి జారిపోయేది. ఆన్‌లైన్‌లో ఒక సెట్ తెప్పించాను, ఫొటోలో చాలా బాగున్నాయి. మే నెలలో కారులో వదిలేసి ఎక్కడికో వెళ్లొచ్చేసరికి సగం పువ్వులు ఊడి సీటు మీద ఉన్నాయి, గ్లూ గన్‌తో అంటించిన జిగురు ఆ వేడికి మెత్తబడిపోతుందట, నాకు అప్పటిదాకా తెలీదు. అది కూడా పోనీలే అనుకున్నాను, కానీ ఇంకోరోజు క్లిప్ మీద ముత్యం ఊడితే పాప నోట్లో పెట్టేసుకుంది. వేలు పెట్టి తీసేశాను గానీ కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ సెట్ మొత్తం అప్పుడే పారేశాను.

ఇది విని మా ఆడపడుచు చెప్పింది, కంటోన్మెంట్ వైపు ఒకావిడ ఇంట్లోనే ఫెల్ట్ గుడ్డతో పిల్లల క్లిప్పులు, హెయిర్ బ్యాండ్లు చేస్తారు వదినా, ఒకసారి వెళ్లి చూడు అని. వెళ్లాను. ముందు గదిలోనే కుట్టు మిషను, గోడ పక్కన రంగురంగుల ఫెల్ట్ షీట్లు, అట్టముక్కలతో కత్తిరించిన పువ్వులు ఆకులు. జాకెట్లు కుట్టే ఆవిడ, ఇది తర్వాత మొదలుపెట్టారట. నేను ముత్యాలున్న మోడల్ ఒకటి చూపించి అలాంటిది కావాలన్నాను. "పాపకెన్నేళ్లమ్మా?" అన్నారు. రెండున్నర అన్నాను. "మూడేళ్లు నిండని పిల్లలకి పూసలు, బటన్లు పెట్టనమ్మా, మీరెంత అడిగినా పెట్టను, పువ్వు మధ్యలో దారంతోనే ముడులు వేస్తాను" అన్నారు. ఇంట్లో జరిగింది నేనింకా చెప్పనేలేదు! అప్పుడే నమ్మకం కుదిరిపోయింది నాకు.

ఇంక అసలు విషయం, క్లిప్ వెనక వైపు. మనందరం పువ్వు ఎంత బాగుందో చూసి కొంటాం, నేనూ అంతే, కానీ పిల్ల నెత్తికి తగిలేది వెనక భాగమే కదా. ఈవిడ వెనక ఇంకో ఫెల్ట్ ముక్క వేసి, దానికి చిన్న గాటు పెట్టి, ఆ గాటులోంచి క్లిప్ పైరేకు దూర్చి, చుట్టూ బ్లాంకెట్ కుట్టు వేస్తారు, అంటే మన కాజా కుట్టులాంటిదే. యాంకర్ ఎంబ్రాయిడరీ దారంలో 6 పోగులుంటే 2 పోగులే తీసుకుని కుడతారు, అందుకే కుట్టు సన్నగా ముద్దుగా ఉంటుంది. జిగురు కొంచెం వాడతారు కానీ పువ్వుని పట్టి ఉంచేది కుట్టే. క్లిప్ లోపలి వైపు కూడా రిబ్బన్ ముక్క వేస్తారు, దాంతో నూనె జుట్టులో కూడా జారదు, తీసేటప్పుడు వెంట్రుకలు రేకుకి చిక్కుకోవు. పాప "అబ్బా" అనకుండా తీయించుకోవడం నాకు పెద్ద విషయం.

ఫెల్ట్ ఎందుకు అంటే అది నేసిన గుడ్డ కాదు, ఉన్ని పోగుల్ని వేడి, తడి, రాపిడితో ఒకదాంట్లో ఒకటి చిక్కుకునేలా అదిమితే వచ్చేది, కాబట్టి ఎలా కత్తిరించినా అంచు పోగులు ఊడదు, మడిచి కుట్టక్కర్లేదు. మన దగ్గర తక్కువ రేటుకి దొరికే షీట్లు ఎక్కువ పాలిస్టర్‌వే. తేడా ఎలా తెలుస్తుందంటే ఆవిడ చిన్న ముక్క కాల్చి చూపించారు, ఉన్నిదైతే జుట్టు కాలిన వాసన వచ్చి వేళ్లతో నలిపితే బూడిదైపోయింది, పాలిస్టర్ కరిగి గట్టి ఉండలా అయింది. పాలిస్టర్‌ది జత 60 రూపాయలు, ఉన్నిది 110. రోజూ వాడకానికి పాలిస్టర్‌ది చాలు అని ఆవిడే చెప్పారు, కాకపోతే కొన్నాళ్లకి పైన నూగు ఉండలు కడుతుంది, మా వాటికి కూడా మూడో నెలలో కట్టింది.

దసరాకి మాత్రం స్పెషల్‌గా చేయించాను. సిరిమానుకి, అంటే దసరా తర్వాత మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి జాతరకి, మా పుట్టింటివాళ్లందరూ దిగుతారు, ఊరేగింపులో పూజారి కూర్చునే ఆ పొడవాటి మాను ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు వెళ్తాయి కదా, మా పాపకి ఆ తెల్ల ఏనుగంటే పిచ్చి. ఏనుగు క్లిప్ చేస్తారా అని అడిగితే ఆవిడ ఎంత సంబరపడ్డారో! రెండంగుళాల ఏనుగు, తొండం పైకెత్తి, వీపు మీద ఎర్ర గుడ్డ, కన్ను కూడా నల్లదారం ముడే. మంగళవారం ఆ జనంలో మా నాన్న భుజాల మీద కూర్చుని అటు ఏనుగుని ఇటు తన క్లిప్‌ని చూపిస్తూనే ఉంది, ఇంటికొచ్చేదాకా క్లిప్ కదల్లేదు.

లోపాలు కూడా చెప్పాలి. చెప్పిన రోజుకి ఇవ్వరు, నాకు నాలుగు రోజులు లేటైంది, పండగకి కావాలంటే పదిహేను రోజుల ముందే చెప్పుకోవాలి. తెల్లది నూనె పీల్చేసి వారంలోనే పసుపు తిరిగింది, నూనె రాసే ఇంట్లో ముదురు రంగులే మేలు. ఎలా ఉతకాలో చీటీ ఏమీ ఇవ్వరు, ఇస్తే బాగుండేది. నేను ఉన్ని పువ్వుని వేడినీళ్లలో వేసేశాను, ముడుచుకుపోయి ఎరుపు దిగిపోయింది. చన్నీళ్లలో షాంపూ చుక్క వేసి పైపైన అద్ది, పిండకుండా టవల్‌లో నొక్కి నీడలో ఆరబెట్టాలట, రేకు తడిగా ఉండిపోతే తుప్పు కూడా పడుతుంది.

ఒక ఆదివారం కూర్చోబెట్టి గులాబీ చేయడం కూడా నేర్పించారు, డబ్బులు తీసుకోలేదు. మూడంగుళాల గుండ్రటి ముక్కని జిలేబీ చుట్టలా లోపలికి కత్తిరించుకుంటూ వెళ్లి, బయటి చివర నుంచి చుట్టుకుంటూ రావాలి, చివర్లో మిగిలిన మధ్య ముక్క అడుగున మూతలా వేసి కుట్టేయడమే. నాది కొంచెం వదులుగా వచ్చింది కానీ పాప రోజూ స్కూలుకి అదే పెట్టమంటోంది. వచ్చే సిరిమానుకి మా అక్క కూతుళ్లిద్దరికీ కూడా ఏనుగులు చెప్పేశాను, ఈసారి బూడిదరంగులో.