జుట్టు రంగు అలర్జీ: చెవి వెనక రాసి చూడటమా, ఆసుపత్రిలో ప్యాచ్ టెస్టా?

రంగు వేసుకున్నాక నుదుటి అంచునో చెవుల మీదో ఒక్కసారైనా దురద, ఎరుపు, పొక్కులు వచ్చినవారికి ఆసుపత్రి పరీక్షే మేలు. ఎప్పుడూ ఏ ఇబ్బందీ రానివారికి చెవి వెనక కాస్త రంగు రాసి చూసే ఇంటి పరీక్ష చాలు, కానీ రంగు వేసుకునే ప్రతిసారీ చేయాలి. "పదేళ్లుగా వాడుతున్నాను, నాకేం కాదు" అనే ధీమా పనికిరాదు. నల్లరంగుల్లో ఎక్కువగా వాడే పారాఫెనిలీన్‌డయామిన్ (పీపీడీ) అనే రసాయనం ఇన్నాళ్లూ పడినా, ఒకరోజు ఉన్నట్టుండి పడకపోవచ్చు.

ఇంటి పరీక్షకు ఖర్చు లేదు, మీరు వాడబోయే రంగునే పరీక్షిస్తారు. చిక్కంతా ఓపికతోనే. ఈ అలర్జీ నిదానంగా బయటపడుతుంది. అరగంట చూసి "బాగానే ఉంది" అనుకుంటే పరీక్ష చేయనట్టే లెక్క. 48 గంటలు ఆగాలి. పైగా ఏ రసాయనం పడలేదో ఇది చెప్పదు. ఒకసారి ముఖం వాచినవారు మళ్లీ అదే రంగు రాసి చూడటం ప్రమాదం కూడా.

ఆసుపత్రిలో పెట్రోలియం జెల్లీలో కలిపిన 1 శాతం పీపీడీని, మరికొన్ని పదార్థాలతోపాటు చిన్న చిన్న బిళ్లల్లో ఉంచి వీపుకు అంటిస్తారు. 48 గంటల తర్వాత తీసి చూస్తారు, ఒకటి రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. అన్నాళ్లూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. మన ఎండల్లో అది నరకం, అందుకే చలికాలమే అనువు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, అవి ఫలితాన్ని కప్పిపుచ్చుతాయి.

ఇంత శ్రమకూ దక్కేది పడని రసాయనం పేరు. నా దృష్టిలో అదే అసలు లాభం. పేరు తెలిస్తే ప్యాకెట్టు మీద వెతకవచ్చు. నిమిషాల్లో నల్లగా మార్చే "హెన్నా" పొడుల్లోనూ పీపీడీ ఉండవచ్చు. అచ్చమైన గోరింటాకు ఎర్రగానే పండుతుంది. "పీపీడీ లేదు" అన్న రంగుల్లో తరచూ టోలుయీన్ డయామిన్ అనే దాని దగ్గరి రసాయనం ఉంటుంది. పీపీడీ పడనివారిలో చాలామందికి అదీ పడదు.

రక్తపరీక్ష, సూదితో గుచ్చే పరీక్ష ఈ నిదానపు అలర్జీని పట్టవు. వాటికి డబ్బు పోయకండి.

పరీక్షకు వెళ్లేటప్పుడు మీరు వాడిన రంగు ప్యాకెట్టు తీసుకెళ్లండి. ముఖం వాచి ఊపిరి కష్టమైతే మాత్రం ఏ పరీక్ష కోసమూ ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.