ఏ పన్నూ పీకని పళ్ల డాక్టరు

పళ్ల డాక్టర్లను మెచ్చుకుంటూ రాసేవాళ్లు సాధారణంగా నొప్పి తెలియకుండా పీకారనో, కట్టుడు పన్ను అతికినట్టు కుదిరిందనో రాస్తారు. గుంటూరు బ్రాడీపేటలో మేడ మీదున్న ఈ చిన్న క్లినిక్‌లో నాకు ఏదీ పీకలేదు, ఏదీ కట్టలేదు. అందుకే రాస్తున్నాను.

సంక్రాంతి సెలవులు ముగిసి తరగతులు మొదలయ్యేసరికి మా కాలేజీలో సగం మందికి ఫ్లూ. నాకూ అంటుకుంది. జ్వరం తగ్గినా ముక్కు దిబ్బడ వదల్లేదు. దానికి తోడు కుడివైపు పై దవడ పళ్లన్నీ కలిసికట్టుగా సలపడం మొదలుపెట్టాయి. ఏ పన్నో చూపించమంటే వేలు పెట్టి చూపించలేను. మెట్లు దిగుతుంటే అడుగు పడినప్పుడల్లా పోటు. కింద పడిన సుద్దముక్క కోసం వంగితే చెంప బరువెక్కిపోయేది. ముందు ఇంటికి దగ్గరని ఇంకో చోట చూపించుకున్నాను. అక్కడ రెండు పళ్లకు రూట్ కెనాల్ చేసి పైన తొడుగులు వేయాలన్నారు, నెలవారీ వాయిదాలు ఎలా కట్టాలో కూడా అప్పటికప్పుడే వివరించారు. ఆ ఉత్సాహం చూసి లేచి వచ్చేశాను.

ఇక్కడి డాక్టరు చిన్న వయసు అమ్మాయే. నోరు తెరవమనక ముందే "ఈ మధ్య జలుబు చేసిందా మేడం?" అని అడిగారు. అద్దం పిడితో ఒక్కో పన్నునూ తట్టి చూశారు. ఆ వైపు దవడ పళ్లన్నీ ఒకేలా జివ్వుమన్నాయి. తర్వాత చల్లని మందు కొట్టిన దూది ఉండను ఒక్కో పంటికీ ఆనించారు. చలి తగిలింది, దూది తీయగానే పోయింది. పంటి లోపలి నరం వాచి ఉంటే దూది తీసినా గుంజుతూనే ఉంటుందట, అదీ సాధారణంగా ఒక్క పంటికే. ఆ తర్వాత తల మోకాళ్ల దాకా వంచమని, నా ముఖంలో మారిన రంగులు చూసి తల ఊపారు.

ఎక్స్‌రే తీసి తెర మీద చూపించారు. దవడ పళ్ల వేళ్ల కొసలకు సరిగ్గా పైన, చెంప వెనక పై దవడ ఎముకలో ఒక గుల్ల. అదే సైనస్. కొందరిలో వేళ్లకూ దానికీ మధ్య ఎముక చాలా పలచగా ఉంటుంది. వైరస్ వల్ల లోపలి పొర వాస్తే, ఆ గోడ వెంబడి పళ్లకు వెళ్లే నరాలు కూడా నలుగుతాయి. పైవాటాలో గొడవైతే కిందవాటా వాళ్లకు నిద్ర లేనట్టు, జబ్బు పైన, బాధ పంటికి. యాంటీబయాటిక్ రాయలేదు, వైరస్ మీద అది పనిచేయదు కాబట్టి. కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుక్కోమన్నారు, నొప్పికి పారాసిటమాల్ చాలన్నారు. పది రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టినా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించమన్నారు. నాకు అంతదాకా రాలేదు.

షుగర్ ఉందా, జ్వరానికి స్టెరాయిడ్లు వాడారా అని గుచ్చి గుచ్చి అడిగారు. 2021లో కోవిడ్ రెండో దశ చూసినవాళ్లకు ఆ ప్రశ్న ఎందుకో చెప్పనక్కర్లేదు. బ్లాక్ ఫంగస్ ఎక్కువగా సోకింది షుగర్ ఉన్నవాళ్లకూ, స్టెరాయిడ్లు వాడినవాళ్లకే. వాళ్లలో కొందరికి చెంప మొద్దుబారి, పై పళ్లు కదిలి, అంగిలి నల్లబడింది. పై దవడ ఎముకనే తీసేయవలసి వచ్చినవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి అలాంటి రోగులతో కిటకిటలాడింది. మామూలు జలుబుకు అంత భయం అనవసరం. అయినా జలుబు తర్వాత పై పళ్లు నొప్పి అన్న మనిషిని షుగర్ సంగతి అడగని డాక్టరు దగ్గర నేనైతే కూర్చోను.

అసలు చీవాట్లు మాత్రం తోడు వచ్చిన మా అత్తయ్యగారికి పడ్డాయి. దగ్గొస్తే రాత్రి పడుకునేటప్పుడు బుగ్గన కరక్కాయ ముక్క, పటికబెల్లం పలుకు ఉండాలన్నది ఆవిడ శాసనం. "కరక్కాయ మీ ఇష్టం అమ్మమ్మగారూ, పటికబెల్లం మాత్రం వద్దు" అన్నారు డాక్టరు. నిద్రలో లాలాజలం ఎలాగూ తక్కువ. ముక్కు మూసుకుపోయి నోటితో గాలి పీలిస్తే ఉన్న తడి కూడా ఆరిపోతుంది. జలుబు మాత్రలు ఇంకాస్త ఆరబెడతాయి. ఇక ఆ తీపిని కడిగే దిక్కు లేక, నోట్లోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చి తెల్లవార్లూ పంటి పైపొర ఎనామిల్‌ను తినేస్తుంది. తియ్యటి దగ్గు మందుదీ అదే కథ, తాగాక నీళ్లు పుక్కిలించాలి. అత్తయ్యగారు "మా రోజుల్లో" అని మొదలుపెట్టి, తన నోట్లో ఎన్ని మిగిలాయో గుర్తొచ్చినట్టుంది, ఆగిపోయారు.

ఫ్లూలో వాంతి అయిన వెంటనే మా అబ్బాయి పళ్లు తోముకునేవాడని చెబితే, అదీ మాన్పించమన్నారు. కడుపులోని ఆమ్లానికి మెత్తబడ్డ ఎనామిల్‌ను బ్రష్షు అరగదీస్తుంది. చిటికెడు వంటసోడా కలిపిన నీటితో పుక్కిలించి, అరగంట ఆగి తోముకోవాలి.

లోపాలు లేకపోలేదు. ఆరింటికి రమ్మని ఏడుంపావుకు పిలిచారు. ఇంత తెలిసిన డాక్టరు, దగ్గుతూ తుమ్ముతూ ఉన్నవాళ్లను మిగతావాళ్ల పక్కనే ఒక ఇరుకు గదిలో కూర్చోబెట్టడం నాకు మింగుడుపడలేదు. కనీసం తలుపు దగ్గర మాస్కులైనా పెట్టవచ్చు. టీవీ గోల సరేసరి, అడిగితే తగ్గించారు, మళ్లీ పెంచారు.

చూసినందుకు 300, ఎక్స్‌రేకు 200 రూపాయలు తీసుకున్నారు. అయిదు నక్షత్రాల్లో నాలుగు ఇస్తున్నాను. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేస్తే కింద మందుల దుకాణంలో కూర్చోబెట్టి, వంతు వచ్చాకే పైకి పిలుస్తారు.