పులియడం మందగించినప్పుడు హైడ్రోమీటర్ ఎంతవరకు పనికొస్తుంది: దీర్ఘకాల వాడకం తర్వాత నా సమీక్ష

బెంగళూరులోని ఒక మైక్రోబ్రూవరీలో కొత్త రకం బీరును ముందుగా 20 లీటర్ల పాత్రల్లో పులియబెట్టి చూడడం నా పని. (ఇంట్లో బీరు తయారుచేయాలన్న కోరిక ఉన్నవారు, లైసెన్సు లేకుండా కర్ణాటక ఎక్సైజు చట్టం దానికి ఒప్పుకోదన్న సంగతి గమనించాలి.) పులియడం మందగించిందన్న అనుమానం వచ్చినప్పుడల్లా నేను ముందుగా అందుకునేది ద్రవంలో తేలుతూ దాని సాంద్రతను చూపే మామూలు గాజు హైడ్రోమీటర్‌నే.

గ్యాసును బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగగానే ఈస్ట్ చచ్చిపోయిందని కంగారుపడి చాలామంది మరో ప్యాకెట్ వేస్తారు. మూత రబ్బరు సరిగా పట్టకపోతే గ్యాసు పక్కనుంచి పోతుంది కాబట్టి బుడగ కనిపించదు, లోపల పని మాత్రం సాగుతూనే ఉంటుంది. ఒక్క బుడగా రాని పాత్రలో, 1.050 దగ్గర మొదలైన గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత; చక్కెర ఆల్కహాల్‌గా మారేకొద్దీ దిగుతుంది) 1.012కు దిగి ఉండడం నేను స్వయంగా చూశాను.

నిజంగానే ఆగిన సందర్భాలూ ఉంటాయి. డిసెంబరు రాత్రుల్లో ఇక్కడ 15, 16 డిగ్రీల చలి ఉంటుంది. ఏల్ (కాస్త వెచ్చగా పులియబెట్టే బీరు రకం) తయారీకి వాడే చాలా ఈస్ట్‌లకు 18 నుంచి 22 డిగ్రీలు కావాలి. చల్లటి గచ్చు మీది పాత్ర 1.030 దగ్గర నిలిచిపోతే, దాన్ని బల్ల మీదికి ఎక్కించి, దుప్పటి చుట్టి, మూత తీయకుండా మెల్లగా ఊపి అడుగున పేరుకున్న ఈస్ట్‌ను లేపితే, చాలాసార్లు గ్రావిటీ మళ్లీ దిగుతుంది. వెచ్చబెట్టినా 1.020 దగ్గరే ఉండిపోతే మాత్రం మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) నానబెట్టిన వేడిని అనుమానించాలి. 70 డిగ్రీల దగ్గర నానితే మామూలు ఏల్ ఈస్ట్ తినలేని డెక్స్‌ట్రిన్లు అనే పిండిపదార్థాలు ఎక్కువగా మిగులుతాయి. అలాంటి బీరులో కొత్త ఈస్ట్ వేయడం దండగ.

అంకె సరిగా రావాలంటే ఓపిక కావాలి. నమూనాను రెండు గ్లాసుల మధ్య తిరగబోసి గ్యాసు పోగొట్టాలి, లేకపోతే గాజుకు అంటుకున్న బుడగలు హైడ్రోమీటర్‌ను పైకి లేపి ఎక్కువ అంకె చూపిస్తాయి. జాడీలో దించాక పైకొసను వేళ్లతో గిర్రున తిప్పి, అది నిలకడపడ్డాక, కంటిని ద్రవం మట్టానికి తెచ్చి, గాజు వెంట పైకి పాకిన అంచును వదిలేసి సమతల మట్టం దగ్గరి గీతను చదవాలి. నాది 20 డిగ్రీలకు లెక్కించి చేసింది కనుక, 28 డిగ్రీల నమూనాలో వచ్చిన అంకెకు 0.002 కలుపుతాను.

లోపాలు లేకపోలేదు: చేయి జారితే పగులుతుంది, గీతలు సన్నవి, ప్రతిసారీ ఒక గ్లాసు బీరు పారబోయాలి. కాంతి వంగే తీరును బట్టి చక్కెరను కొలిచే రిఫ్రాక్టోమీటర్‌కు రెండు చుక్కలే చాలు గానీ, ఆల్కహాల్ వల్ల అది ఎక్కువ చూపుతుంది. ఆ తేడాను లెక్కగట్టి సరిచేసుకోకపోతే పూర్తిగా పులిసిన బీరు కూడా ఆగిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే ఈ పనికి నా ఓటు హైడ్రోమీటర్‌కే. కొన్న రోజునే 20 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్‌లో వేసి 1.000 చూపుతోందో లేదో సరిచూసుకోండి. లోపలి కాగితపు స్కేలు కాలక్రమంలో జారవచ్చు కనుక అప్పుడప్పుడు ఈ పరీక్ష మళ్లీ చేయండి.