బ్యాంకాక్ గుళ్లు, మార్కెట్లు: వ్యాన్ టూరా, సొంతంగానా, పూట గైడా?

బ్యాంకాక్ వెళ్లొచ్చామని తెలిసినప్పటి నుంచి చుట్టాలూ ఆఫీసువాళ్లూ అడిగేది ఒకటే: "గుళ్లు, మార్కెట్లు చూడటానికి డే టూర్ బుక్ చేసుకోవాలా, మనమే తిరిగేయొచ్చా?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. నేను మూడు రకాలుగానూ చూశాను. రెండేళ్ల కిందట స్నేహితులతో వెళ్లినప్పుడు ఒకరోజు హోటల్ దగ్గర ఎక్కించుకునే వ్యాన్ టూర్, ఇంకోరోజు పడవ మీద సొంతంగా. మొన్న అమ్మనీ పిన్నినీ తీసుకెళ్లినప్పుడు ఒక పూటకి మా ముగ్గురికే గైడును పెట్టుకున్నాను.

ముందు డబ్బు సంగతి. గ్రాండ్ ప్యాలెస్‌కు 500 బాట్లు, వాట్ ఫోకు (వాట్ అంటే గుడి) 300, వాట్ అరుణ్‌కు 200. ఎలా వెళ్లినా విదేశీయులకు తలకు ఈ 1000 బాట్లు తప్పవు. చాలా టూర్ల ధరలో ఇవి కలిసి ఉండవు, బుక్ చేసేముందు అడగండి. రవాణా అయితే దాదాపు ఖర్చే కాదు. సపాన్ టక్సిన్ స్కైట్రైన్ స్టేషన్ కిందే సాథోర్న్ రేవు ఉంది. అక్కడ నారింజ జెండా పడవ ఎక్కితే 16 బాట్లకు ప్యాలెస్ దగ్గరి రేవులో దిగొచ్చు. వాట్ ఫో వైపు నుంచి నది దాటి వాట్ అరుణ్‌కు వెళ్లే పడవకు 5 బాట్లు. కాబట్టి ఖర్చు ఒక్కటే చూసుకునేవాళ్లకు సొంతంగా తిరగడమే మేలు.

వ్యాన్ టూర్‌ను తీసిపారేయను. ఏప్రిల్ ఎండలో ఏసీ బండి గేటు దగ్గర ఎదురుచూస్తూ ఉండటం చిన్న సుఖం కాదు. దారి వెతుక్కునే టెన్షన్ లేదు. "ప్యాలెస్ ఈరోజు మూసేశారు, నా టుక్‌టుక్‌లో వేరే గుడికి తీసుకెళ్తా" అని బయట నమ్మబలికే వాళ్ల బారినపడరు. (మూయలేదు. రోజూ ఉదయం 8:30కి తెరుస్తారు. నేరుగా గేటు దగ్గరికి నడిచిపోండి.) కానీ మా వ్యాన్ ఏడున్నరకు మమ్మల్ని ఎక్కించుకుని, ఇంకో నాలుగు హోటళ్లు తిరిగి, పావు తక్కువ పదికి ప్యాలెస్ చేరింది. అప్పటికి బస్సులన్నీ వచ్చేశాయి. లోపల గంట. మరకత బుద్ధుడి మందిరం ముందు కాసేపు, ఫోటోలకు పావుగంట, ఇక పదండి పదండి. తిరుగుదారిలో మాత్రం ఒక రత్నాల దుకాణంలో నలభై నిమిషాలు కూర్చోబెట్టారు.

ఆ గంటలో మేం చూడకుండా వచ్చేసిన దాని గురించే నా బాధ. ఆ మరకత బుద్ధుడి గుడి పేరు వాట్ ఫ్రా కేవ్, ప్యాలెస్ లోపలే ఉంటుంది. దాని ఆవరణ చుట్టూ కప్పు ఉన్న పొడవాటి వసారా ఉంది. ఆ వసారా గోడల నిండా 178 చిత్రాల్లో రామాయణం. వాళ్ల రామాయణం పేరు రామకియన్. ఈ నగరాన్ని 1782లో రాజధాని చేసిన మొదటి రామా రాజు 1797లో దాన్ని రాయించాడు. చిత్రాలూ ఆయన కాలంలోనే మొదలయ్యాయి, తర్వాత ఎన్నోసార్లు తిరిగి దిద్దారు. రెండో రోజు సొంతంగా వెళ్లినప్పుడు నాకు టైమ్ కావలసినంత ఉంది. అయినా ఆ వసారా పది నిమిషాల్లో దాటేశాను. ఏ బొమ్మ ఏ ఘట్టమో తెలియదు, ఎటునుంచి మొదలో తెలియదు. బంగారు రంగు బాగుంది అనుకున్నాను, అంతే.

అమ్మ చిన్నప్పటి నుంచి హరికథలు విన్న మనిషి. ఆమెను తీసుకెళ్లేటప్పుడు మళ్లీ అలా జరగకూడదనుకున్నాను. అందుకే పూట గైడు. యాభై దాటిన ఆవిడ. పేరు ముందు "పీ" అని పిలవమంది, అక్క అన్నట్టు. ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గర కలిసింది. ముందు వసారాలో ఉత్తరం గేటు దగ్గర నిలబెట్టింది, కథ అక్కడే మొదలు. జనకుడు నాగలి దున్నుతుంటే సీత దొరికే ఘట్టం. ఆవిడ ఇంగ్లీషులో చెప్పడం, నేను తెలుగులో అమ్మకు చెప్పడం. కాసేపటికి సగం నేను చెప్పక్కర్లేకపోయింది. ఫ్రా రామ్, ఫ్రా లక్, నాంగ్ సీదా. తోత్సకన్ అంటే ఎవరా అని నేను ఆలోచిస్తుంటే "దశకంఠుడే" అంది అమ్మ.

ఒక గోడ దగ్గర ఆగిపోయాం. కొండంత తెల్లటి హనుమంతుడు, తెరిచిన నోరు, ఆ నోట్లో ఒక విడిది. "ఇదేంటే, లోపల మనుషులున్నారు?" అంది పిన్ని. లోపల ఉన్నది రాముడు. మైయరాప్ అనే రాక్షసుడు పాతాళానికి ఎత్తుకుపోకుండా హనుమంతుడు విడిదినే నోట్లో పెట్టుకుని కాపలా కాశాడట. పేరు వినగానే అమ్మ మొహం వెలిగిపోయింది. "మైరావణుడు! మన కథలో తోకతో కోట కడతాడు కదా." నేను ఆ మాట ఇంగ్లీషులో చెబితే ఈసారి ఆశ్చర్యపోయింది గైడు. తర్వాత బొమ్మలో పాతాళం దారిలో తామర కొలను, దాని కాపలాకు చేపతోక ఉన్న కోతి పిల్లాడు మచ్చాను. మన మత్స్యవల్లభుడే! కాకపోతే వాళ్ల కథలో అతని తల్లి సువన్నమచ్చా రావణుడి కూతురు. సేతువు రాళ్లు లాగేయమని తండ్రి పంపితే వచ్చి హనుమంతుణ్ణి ప్రేమిస్తుంది. వాళ్ల హనుమంతుడు బ్రహ్మచారి కాడు. ఇది పిన్నికి కాసేపు మింగుడుపడలేదు. గైడు నొచ్చుకోకుండా, కథ ఊరు మారినప్పుడు హనుమంతుడు కూడా ఆ ఊరివాళ్ల ఇంటి మనిషి అయిపోతాడని నెమ్మదిగా చెప్పింది.

ఆ వసారాలో గంటన్నర ఉన్నాం. పైన నీడ, కాబట్టి పెద్దవాళ్లకు ఎండదెబ్బ భయం కూడా లేదు. నా లెక్కలో ఏది మేలు అన్నది ఇక్కడే తేలిపోతుంది. తెలుగువాళ్లకు బ్యాంకాక్‌లో ఇంతకంటే దగ్గరి చోటు లేదు. ఇక్కడ టైమూ ఉండాలి, చెప్పే మనిషీ ఉండాలి. వ్యాన్‌లో మనిషి ఉంటాడు, టైమ్ ఉండదు. సొంతంగా వెళ్తే టైమ్ ఉంటుంది, మనిషి ఉండడు.

హైదరాబాద్ నుంచి గ్రూప్ ప్యాకేజీలో వెళ్తే మన తెలుగు టూర్ మేనేజరే అంతా చెబుతాడు అనుకోకండి. అక్కడ గైడు పని చట్టప్రకారం థాయ్ పౌరులకే, లైసెన్సు కార్డు మెడలో ఉండాలి. బుక్ చేసేటప్పుడు "రామకియన్ బొమ్మల దగ్గర ఎంతసేపు ఉంటారు?" అని అడగండి. జవాబు విన్నాక మనిషి ఎలాంటివారో తెలిసిపోతుంది. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు తప్పనిసరి.

మిగతా రెండు గుళ్లకు గైడు అక్కర్లేదు. వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుణ్ణి, ముత్యపు చిప్పలు పొదిగిన ఆయన పాదాలను కళ్లారా చూడటమే. 108 కంచు గిన్నెల్లో నాణేలు వేసుకుంటూ నడిస్తే టింగు టింగుమని హాలంతా మోగుతుంది. పడవ దాటితే వాట్ అరుణ్, గేటు దగ్గర ఆకుపచ్చ రావణుడు కాపలా. మీరే గుర్తుపడతారు.

మార్కెట్లకొస్తే నా జవాబు తిరగబడుతుంది. రైలు పట్టాల మీది మేక్లాంగ్ బజారు, డామ్నోన్ సదువాక్ పడవల సంత ఊరికి చాలా దూరం. వీటికి వ్యాన్ టూరే తీసుకోండి. రైలు రోజుకు కొన్నిసార్లే వస్తుంది, ఆ టైమ్‌కు చేర్చే పని వాళ్లు బాగా చేస్తారు. సొంతంగా రైల్లో వెళ్తే మధ్యలో దిగి, పడవలో నది దాటి, ఇంకో రైలు ఎక్కాలి. కుర్రాళ్లకు సరదా, అమ్మలకు కాదు. చతుచాక్ వారాంతపు సంత‌కు శని, ఆదివారాల్లో మెట్రోలో వెళ్లిపోండి. టుక్‌టుక్ టూర్లు, సైకిల్ టూర్లు కూడా ఉన్నాయి, పెద్దవాళ్లతో అయితే వద్దు.

పాక్ ఖ్లాంగ్ తలాత్ పూల మార్కెట్‌ను మాత్రం ఏ టూర్‌లోనూ కలపనివ్వకండి. వ్యాన్లు మధ్యాహ్నం తెస్తాయి, అప్పటికి సందడి తగ్గి ఉంటుంది. అసలు సరుకు దిగేది రాత్రి. సనామ్ చాయ్ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. మేం పదింటికి వెళ్లాం. గోనె సంచుల్లో బంతిపూలు, మంచుముక్కల మీద మల్లెమొగ్గలు. ఒక దుకాణంలో అమ్మాయి మూరెడు సూదికి ఒక్కొక్క మొగ్గా గుచ్చుతోంది. అమ్మ వంగి చూసి "ఇవి జిల్లేడు పూలే!" అంది. నిజమే, తెల్ల జిల్లేడు. వాళ్లు దోక్ రక్ అంటారు, ప్రేమ పువ్వు అని. మనం వినాయకుడికి పెట్టే పువ్వే. అమ్మ దారం అడిగి తీసుకుని, సూది లేకుండా వేళ్లతో మల్లెలు మాల కట్టి చూపించింది. ఆ అమ్మాయి పక్క దుకాణం వాళ్లను పిలుచుకొచ్చింది. ఇద్దరికీ ఒక్క మాట కూడా అర్థం కాలేదు. పదకొండు దాటేవరకు అక్కడే కూర్చున్నాం.