రేసు టైర్లు మోయడానికి 40×48 బోల్టు కిట్ ట్రైలర్: కొనొచ్చా, కొన్నాక ఏమేం మార్చాలి

అమెరికాలో మజ్దా మియాటా లాంటి చిన్న కారుతో ఆటోక్రాస్‌కి (కోన్ల మధ్య ఒక్కో కారే తిరిగే టైము పందేనికి) వెళ్ళేవాళ్ళకి ఎప్పుడూ ఉండే ఇబ్బంది ఒకటే. హూజియర్ ఏ7 లాంటి మెత్తని రేసు టైర్లతో హైవే మీద వెళ్ళకూడదు, రోజూ వాడే టైర్లతో పందెంలో నెగ్గలేరు. కాబట్టి నాలుగు చక్రాలు విడిగా తీసుకెళ్ళాలి. డిక్కీలో రెండు కూడా పట్టవు. దీనికి ఎక్కువమంది ఎంచుకునే దారి, హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల దుకాణాల్లో హాల్‌మాస్టర్ పేరుతో దొరికే 40-1/2 × 48 అంగుళాల బోల్టు కిట్ (విడి భాగాలుగా వచ్చే చిన్న ట్రైలర్, బోల్టులతో మనమే బిగించుకోవాలి) కొని, దాన్ని టైర్ల ట్రైలర్‌గా మార్చుకోవడం. ఈ పనికి అది సరిపోతుంది, కొనండి. అయితే మాన్యువల్‌లో చెప్పినట్టే బిగించి, పైన మందపాటి ప్లైవుడ్ పరిచి వాడితే మాత్రం డబ్బు సగం వృథా అయినట్టే. ఈ కిట్‌కి ఏం తగిలించాలనే దానికంటే ఏం తీసెయ్యాలనేదే ముఖ్యం.

ముందు బరువుల లెక్క చూడండి. 15×9 తేలిక రిమ్ము, దాని మీద 225/45ఆర్15 టైరు కలిపి దాదాపు 32 పౌన్లు. నాలుగూ కలిపితే 130. జాకు, టార్క్ రెంచి, గాలి ట్యాంకు, పనిముట్లు కలిపి ఇంకో 45. అంటే మోయాల్సింది 175 పౌన్లే. కిట్ వెయ్యి పౌన్ల తరగతిది. ఈ తేడాయే దాని బలం, ఇబ్బంది కూడా.

ట్రైలర్ అక్కర్లేకుండా హిచ్‌కే (కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కేనికే) రాక్ తగిలించి నాలుగు టైర్లూ దాని మీద పెట్టొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చిన్న కార్లకి వచ్చే క్లాస్ 1 హిచ్‌కి కిందికి దిగే బరువు పరిమితి మామూలుగా 200 పౌన్లు. టైర్లు 130, రాక్ 45 అనుకున్నా 175 అవుతుంది. పైగా అది బంపరు నుంచి రెండడుగుల వెనక వేలాడుతూ ప్రతి గతుకుకీ ఎగిరిపడుతుంది, కారు ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. ట్రైలర్ అయితే హిచ్ మీద పడేది 35 నుంచి 60 పౌన్లే. ఇక్కడ ఒక మాట దాచకూడదు: అమెరికాలో మియాటా ఓనర్స్ మాన్యువల్ ట్రైలర్ లాగమని సిఫారసు చెయ్యదు. హిచ్ కంపెనీలు ఇచ్చే అంకె హిచ్‌కి సంబంధించింది, కారుకి కాదు. ఆ నిర్ణయం మీది. అందుకే ట్రైలర్, సామాను కలిపి మొత్తం బరువు 400 పౌన్లు దాటకుండా చూసుకోవాలి.

ఇనుము కొని సొంతంగా వెల్డింగు చెయ్యగలిగినవాళ్ళు కూడా కిట్ వైపు మొగ్గడానికి కారణం కాగితాలు. కిట్‌తో తయారీదారు ఇచ్చే ఆరిజిన్ సర్టిఫికెట్ వస్తుంది, దాంతో రిజిస్ట్రేషన్ తేలిక. పూర్తిగా ఇంట్లో చేసిన ట్రైలర్‌కి చాలా రాష్ట్రాల్లో తనిఖీ చేయించి, కొత్త నంబరు వేయించుకోవాలి. రూల్స్ రాష్ట్రానికొకలా ఉంటాయి కాబట్టి పెట్టె విప్పకముందే మీ ఊరి డీఎంవీలో (వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో) కనుక్కోండి.

బిగింపులో అందరూ తొందరపడే చోటు ఫ్రేము. బోల్టులన్నీ ముందు చేత్తో బిగించి, నేల సమంగా ఉన్న చోట పెట్టి కర్ణాలు రెండూ కొలవాలి. తేడా 1/8 అంగుళం లోపు ఉండాలి. తర్వాత కప్లర్ (ట్రైలర్ ముందు, హిచ్‌కి తగిలే కొస) మధ్య నుంచి యాక్సిల్ (చక్రాల ఇరుసు) రెండు కొసలకీ కొలత తీసుకోండి. అవి కూడా అంతే దగ్గరగా రావాలి. ఈ రెండో కొలత వదిలేస్తే ట్రైలర్ ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది, టైర్లు ఒక అంచున అరిగిపోతాయి, కారణం ఏమిటో తెలీక బేరింగులు మారుస్తూ కూర్చుంటారు. కొలతలు కుదిరాకే గట్టిగా బిగించాలి. 3/8 అంగుళాల గ్రేడ్ 5 బోల్టుకి 30 అడుగు-పౌన్ల దగ్గర సరిపోతుంది. నట్లన్నీ నైలాన్ ఉన్నవే వాడండి. స్ప్రింగు వాషర్లు ఈ అదురుకి ఆగవు.

ఇక బేరింగులు. ఈ ధరలో వచ్చే ఏ కిట్‌లోనైనా బేరింగులో ఉన్న జిడ్డును తుప్పు పట్టకుండా పూసిన నూనె అనే అనుకోవాలి. పూర్తిగా కడిగి, ఆరబెట్టి, ఎన్ఎల్‌జీఐ 2 రకం (అది చిక్కదనం గుర్తు) వీల్ బేరింగు గ్రీజు రోలర్ల మధ్యలోకి దూరేదాకా అరచేత్తో నొక్కి నింపండి. క్యాజిల్ నట్టు (పిన్ను పట్టే గాళ్ళున్న నట్టు) బిగించేటప్పుడు హబ్‌ని (చక్రం బిగించే మధ్య భాగాన్ని) తిప్పుతూ బిగించి, బాగా వదులు చేసి, మళ్ళీ వేళ్ళతో మాత్రమే బిగించి కొత్త కాటర్ పిన్ పెట్టాలి. పాత పిన్ మళ్ళీ వంచి వాడొద్దు. మొదటి 10 మైళ్ళ తర్వాత ఆగి హబ్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి నిలవకపోతే నట్టు బిగుతు ఎక్కువైనట్టు.

చిన్న చక్రాలున్న ట్రైలర్‌లో బేరింగు మీద ఇంత పట్టింపు ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 4.80-8 టైరు బయటి వ్యాసం దాదాపు 16 అంగుళాలు. గంటకి 65 మైళ్ళ వేగంలో అది నిమిషానికి 1,360 సార్లు తిరగాలి. 4.80-12 టైరైతే 21 అంగుళాల దగ్గర, అదే వేగానికి 1,040 తిరుగుళ్ళు చాలు. కాబట్టి మీ కిట్‌లో 8 అంగుళాల చక్రాలు ఉండి, నెలకి రెండుసార్లు వంద మైళ్ళు దాటి వెళ్ళేవాళ్ళయితే, మొదట డబ్బు పెట్టాల్సింది 12 అంగుళాల చక్రాల మీద. ఫెండర్లు (మడ్‌గార్డులు) పైకి జరపాలి, అంతే. వేరే వేగం గుర్తు లేని పాత రకం ట్రైలర్ టైర్లకి 65 మైళ్ళే హద్దు అనుకోవాలి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవాళ్ళకి చట్టమే 55 మైళ్ళు అంటుంది.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. పాత మియాటా రిమ్ములు నాలుగు బోల్టులవి, కిట్ హబ్బులూ నాలుగు బోల్టులవే కదా, అవే వేసేద్దాం అనుకుంటారు. మియాటా కొలత 4×100 మిల్లీమీటర్లు. ఈ చిన్న ట్రైలర్ హబ్బులు సాధారణంగా 4 అంగుళాల వృత్తంవి, అంటే 101.6 మిల్లీమీటర్లు. ఆ 1.6 మిల్లీమీటర్ల తేడాతో రిమ్ము ఎక్కినట్టే ఉంటుంది, నట్లు బిగిసినట్టే ఉంటాయి. కానీ స్టడ్లు పక్కకి వంగి, కొన్నాళ్ళకి తెగుతాయి. వద్దు.

కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) సంగతి. వెయ్యి పౌన్లు మోయడానికి పేర్చిన కమాన్ల మీద 175 పౌన్లు పెడితే అవి అసలు వంగవు. ట్రైలర్ గతుకు గతుకుకీ గాల్లోకి లేస్తుంది, టైర్లు రాక్‌లోంచి దూకాలని చూస్తాయి. ఒక్కో కట్టలోంచి పొట్టి పట్టీ ఒకటి తీసెయ్యండి. కళ్ళున్న పెద్ద పట్టీని, మధ్య బోల్టుని మాత్రం కదపొద్దు. తీసిన మందానికి సరిగ్గా యూ-బోల్టులు మళ్ళీ బిగించాలి, లేకపోతే యాక్సిల్ జారుతుంది. టైరు పక్కన 60 పీఎస్ఐ అని రాసి ఉంటే అది పూర్తి బరువుకి చెప్పింది. ఇంత తక్కువ బరువుకి 30–35 పీఎస్ఐ పెడితే కుదుపు బాగా తగ్గుతుంది. ఈ రెండు మార్పులకీ పైసా ఖర్చు లేదు.

పైన డెక్ అక్కర్లేదు. 40-1/2 × 48 అంటే 13.5 చదరపుటడుగులు. 3/4 అంగుళం ప్లైవుడ్ వేస్తే దాదాపు 30 పౌన్లు, ఒక చక్రం అంత బరువు. దాని బదులు ట్రైలర్ అడ్డంగా రెండు యాంగిల్ (ఎల్ ఆకారపు) పట్టాలు బిగించి, టైర్లని కారు మీద ఎలా నిలబడతాయో అలాగే పక్కపక్కన నిలబెట్టండి. 9 అంగుళాల రిమ్ములవి నాలుగు కలిపి 38 అంగుళాలు, వెడల్పులో సరిగ్గా పడతాయి. 1-1/2 అంగుళాల యాంగిల్, 1/8 మందం, అల్యూమినియంలో అడుగుకి 0.4 పౌను, ఇనుములో 1.2. రెండు పట్టాలకి ఏడున్నర అడుగులు చాలు. అల్యూమినియం వేస్తే ఇనుప ఫ్రేము తగిలే చోట రబ్బరు ముక్క పెట్టండి, లేకపోతే వానకి తడిసి ఆ చోటే తినేస్తుంది.

పట్టాల మధ్య దూరమే ఈ మొత్తం పనిలో అసలు కొలత. 23 అంగుళాల టైరుకి పట్టాలు 10 అంగుళాల దూరంలో పెడితే, 0.48 జీ (భూమ్యాకర్షణలో 0.48 వంతు) బ్రేకుకే టైరు ముందు పట్టా దాటి దొర్లిపోగలదు. 14 అంగుళాలకి పెంచితే టైరు దాదాపు 2.4 అంగుళాలు లోపలికి కూర్చుని 0.77 జీ వరకూ తనంతట తానే ఆగుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే 0.8 జీ దాటుతుంది కాబట్టి స్ట్రాప్ తప్పదు. అయినా పట్టాల దూరం సరిగ్గా ఉంటే స్ట్రాప్ మీద పడే పని చాలా తక్కువ. టైరు వ్యాసంలో పదింట ఆరు వంతులు అని గుర్తుంచుకోండి. స్ట్రాప్ ట్రెడ్ మీదుగా ముందు నుంచి వెనక్కి, రెండేసి టైర్లకి ఒకటి. రిమ్ము పుల్లల్లోంచి వేస్తే పెయింటు పోతుంది. రెండు కొసలా నిలువు పట్టీ ఒక్కొక్కటి నిలబెడితే పక్కకి జారవు. నాలుగు రిమ్ముల మధ్య రంధ్రాల్లోంచి 1 అంగుళం నీటి పైపు దూర్చి కొసన తాళం వేస్తే ఏడు పౌన్లలోపు బరువుతో దొంగల భయమూ తగ్గుతుంది. మియాటా రిమ్ము రంధ్రం 54.1 మిల్లీమీటర్లు, పైపు బయటి కొలత 33 మిల్లీమీటర్లే, హాయిగా దూరుతుంది.

ఆ పట్టాలు యాక్సిల్‌కి ఎక్కడ ఉండాలి? బాల్ (కప్లర్ కూర్చునే హిచ్ గుండు) మీద పడే బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలి. యాక్సిల్ నుంచి బాల్‌కి 60 అంగుళాలు, ఖాళీ ట్రైలర్ 200 పౌన్లు, అందులో బాల్ మీద 20 అనుకోండి. పనిముట్ల పెట్టె యాక్సిల్‌కి 30 అంగుళాల ముందు ఉంది, నిండితే 60 పౌన్లు, ఖాళీది 15. టైర్ల మధ్య గీత సరిగ్గా యాక్సిల్ మీదే పెడితే, నిండు పెట్టెతో 13 శాతం వస్తుంది, బాగుంది. కానీ పనిముట్లు కారులో పెట్టేసి పెట్టె ఖాళీగా లాగిన రోజు అది 8 శాతానికి పడిపోతుంది. ఆ రోజే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. టైర్లని 4 అంగుళాలు ముందుకి జరిపితే ఖాళీ పెట్టెతో పదిన్నర, నిండు పెట్టెతో 15 శాతం. రెండు రోజులూ గట్టెక్కుతాయి. కాగితం మీద లెక్క వేశాక కూడా, బాత్రూం తూకం మీద కప్లర్ ఆనించి, ట్రైలర్ సమమట్టంగా ఉంచి చూడండి.

టంగ్ (కప్లర్‌ని ఫ్రేముకి కలిపే ముందు దూలం) పొట్టిగా ఉండటం ఈ కిట్లలో నిజమైన లోపం. వెనక్కి తోసేటప్పుడు చూపు తిప్పేలోపే ట్రైలర్ మడతపడి బంపరుకి తగులుతుంది. పొడిగించాలంటే పాత టంగ్ కొసకి ముక్క అతికించి వెల్డింగు చెయ్యొద్దు, వంపు బలం పడే చోటే ఆ అతుకు ఉంటుంది. 2 అంగుళాల చదరపు ట్యూబు, 3/16 మందంది తీసుకుని ఫ్రేము కింద కనీసం రెండు అడ్డ దూలాలకి బోల్టు వెయ్యండి.

బాల్ 1-7/8 అంగుళాలా, 2 అంగుళాలా అన్నది కప్లర్ మీద చెక్కి ఉంటుంది, చూసే కొనండి. 2 అంగుళాల కప్లర్‌లో చిన్న బాల్ పెట్టినా లాచ్ పడుతుంది, మొదటి పెద్ద గతుకుకి లేచిపోతుంది. గొలుసులు టంగ్ కింద అడ్డంగా దాటించి తగిలించాలి, టంగ్ జారితే వాటి మీద పడాలి.

దీపాల ఫిర్యాదుల్లో చాలావరకు ఎర్త్‌వే. నాలుగు తీగల ప్లగ్గులో తెలుపు ఎర్త్, గోధుమరంగు వెనక దీపాలు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. తెల్ల తీగని ఫ్రేముకి ఒకచోట బిగించి, పెయింటు పూసిన బోల్టు కీళ్ళని నమ్ముకుంటే దీపాలు మసగ్గా వెలుగుతాయి, ఒక పక్క సిగ్నల్ వేస్తే రెండో పక్క కూడా మిణుకుమంటుంది. ప్రతి దీపానికీ తెల్ల తీగ విడిగా లాగండి. పసుపు ఇండికేటరు విడిగా ఉన్న కార్లకి, ఆ సిగ్నల్‌నీ బ్రేకు దీపాన్నీ ట్రైలర్ కోసం ఒకే తీగలో కలిపే కన్వర్టరు తప్పనిసరి. బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తీసుకునే రకం, మధ్యలో ఫ్యూజుతో, కారు వైరింగుని కాపాడుతుంది.

డెక్ లేకుండా కట్టినందుకు ఒక అదనపు లాభం: పెట్టె ఖాళీ చేసి ఒక్కరే దీన్ని వెనక కొస మీద నిలబెట్టెయ్యొచ్చు. వెనక దూలానికి నాలుగు చిన్న క్యాస్టర్లు బిగిస్తే గ్యారేజీ గోడకి తోసేస్తే సరి. మొదటి 50 మైళ్ళ తర్వాత ప్రతి బోల్టునీ, చక్రాల నట్లనీ మళ్ళీ చూడండి. పెయింటు నలిగి మందం తగ్గడం వల్ల మొదటిసారి కొంత వదులవుతాయి.

18×11 రిమ్ముల మీద 315 టైర్లు వాడే పెద్ద కార్లవాళ్ళకి ఇది సరిపోదు. నాలుగు పక్కపక్కన పెడితే 50 అంగుళాలు దాటుతుంది, పడుకోబెట్టినా రెండు వరసలు 48లో పట్టవు, పట్టాలు ఫెండర్ల మీదుగా బయటికి పొడిగించాల్సి వస్తుంది. వాళ్ళు 48×96 మడత కిట్ తీసుకోవడం మేలు. 195 నుంచి 245 వెడల్పు టైర్లు వాడే తేలిక కార్లకి మాత్రం ఈ చిన్న కిట్టే సరైనది.